ఆర్బిటల్ 'చైమ్': పదిహేడేళ్లకు పైగా విన్నాక

2007లో మాస్టర్స్ చదవడానికి లండన్ వెళ్లాను. ఖర్చుల కోసం వారానికి రెండు రాత్రులు డార్ట్‌ఫర్డ్‌లోని ఒక గోడౌన్‌లో పని చేసేవాడిని. ఉదయం ఆరింటికి షిఫ్ట్ అయిపోయాక మా షిఫ్ట్ లీడ్ తన కారులో క్రాయిడన్ దాకా దింపేవాడు. అప్పటికి ఆయనకి నలభై దగ్గరపడుతున్నాయి. కారులో పాత క్యాసెట్ ప్లేయర్ ఉండేది. ఎం25 రింగు రోడ్డు ఎక్కగానే ఒక క్యాసెట్ పెట్టేవాడు. ఆర్బిటల్ అనే బ్రిటిష్ జోడీ మెషీన్లతో చేసిన డ్యాన్స్ ట్రాక్ 'చైమ్'ని నేను మొదటిసారి విన్నది అందులోనే. ఆ రోడ్డు మీదే వినడం నా అదృష్టం. లండన్ చుట్టూ తిరిగే ఆ రోడ్డుని 'లండన్ ఆర్బిటల్' అంటారు, ఆ జోడీ తమ పేరు పెట్టుకున్నది దాన్ని చూసే.

ఇది పాట అనుకుని వింటే మొదట్లో ఇబ్బందే. మాటలు లేవు, పల్లవి లేదు, చరణం లేదు. స్టీలు గ్లాసు అంచు మీద చెంచాతో కొడితే వచ్చే లాంటి మెరిసే శబ్దాలు చిన్న చిన్న ముక్కలుగా వచ్చి, ఒకదాని వెనక ఒకటి తిరుగుతూ ఉంటాయి. వాటి కింద డ్రమ్ మెషీన్, దాని కింద బేస్. నాకు సినిమా పాట వినే చెవి తప్ప వేరే చెవి లేదు. అందుకే మొదటి రెండు మూడు వారాలు అది నాకు రోడ్డు మోతలో కలిసిపోయింది. ఒక శనివారం తెల్లవారుజామున వాన పడుతుండగా మధ్యలో తాళం తగ్గి ఆ గంటల్లాంటి శబ్దాలు మాత్రమే మిగిలాయి. తర్వాత మొత్తం బీట్ తిరిగి పడింది. నాకు ఒళ్లు జలదరించింది. గుంటూరు దగ్గర మా ఊళ్లో చిన్నప్పుడు చూసిన చెక్కభజన గుర్తొచ్చింది. అందులోనూ ఒకచోట అందరూ చెక్కలు ఆపి, ఒక్కసారిగా మళ్లీ అందుకునేవారు. ఆ క్షణంలో మాటలు ఏమిటని ఎవరూ అడగరు, కాలు దానంతట అదే కదులుతుంది.

ఈ ట్రాక్ పుట్టిన తీరు తెలిశాక ఇష్టం ఇంకా పెరిగింది. ఫిల్ హార్ట్‌నాల్, పాల్ హార్ట్‌నాల్ అన్నదమ్ములు. లండన్‌కి ఆగ్నేయంగా, కెంట్‌లోని సెవెనోక్స్ ప్రాంతం వాళ్లది. 1989లో ఇంట్లోనే, ఉన్న కొద్దిపాటి మెషీన్లతో దీన్ని తయారు చేశారు. స్టూడియో లేదు. నాన్నగారి క్యాసెట్ డెక్ మీద నేరుగా రికార్డు చేశారు. అయిన ఖర్చు దాదాపు క్యాసెట్ ధరే. అందులో వినపడే శబ్దాల్లో కొన్ని నాన్నగారి పాత రికార్డుల నుంచి తీసుకున్న చిన్న ముక్కలు. ఒక పరిశ్రమనే కదిలించిన పాట వెనక ఉన్న సరంజామా ఇంతే.

ఆ క్యాసెట్ జాజీ ఎం అనే డీజే చేతికి వెళ్లింది. హౌస్ అనే క్లబ్ డ్యాన్స్ సంగీతాన్ని లండన్ శ్రోతలకి అలవాటు చేసిన వాళ్లలో ఆయన ఒకడు. ఆయన తన ఓజోన్ లేబుల్ (రికార్డు కంపెనీ) మీద 1989 చివర్లో డిస్కుగా తెచ్చాడు. అది క్లబ్బుల్లో, పొలాల్లో, పాత గోడౌన్లలో రాత్రంతా డ్యాన్స్ చేసే రేవ్ పార్టీల్లో పాకిపోయింది. పార్టీ ఎక్కడో చివరి నిమిషం దాకా చెప్పేవారు కాదు. ఒక ఫోన్ నంబరు ఇచ్చేవారు. కుర్రాళ్లు కార్లలో ఎం25 మీద తిరుగుతూ, మధ్యలో ఆగి ఫోన్ చేసి చోటు తెలుసుకుని వెళ్లేవారు. నాకు క్యాసెట్ వినిపించిన షిఫ్ట్ లీడ్ కూడా అలా తిరిగిన కుర్రాడే. ఆయన ఆ రాత్రుల గురించి చెప్పేటప్పుడు గొంతు మారిపోయేది. పోలీసులు, బురద, చలి, తెల్లారేసరికి ఒక్కొక్కరి ముఖం ఎలా ఉండేదో అన్నీ చెప్పేవాడు. ఆ రికార్డుని ఆయన కళ్లతో చూడడం నేర్చుకున్నాను.

1990లో ఎఫ్‌ఎఫ్‌ఆర్‌ఆర్ అనే పెద్ద లేబుల్ దాన్ని మళ్లీ విడుదల చేసింది. బ్రిటన్ చార్టుల్లో 17వ స్థానం దాకా వెళ్లింది. గొంతు లేని, హీరో ముఖం లేని, ఇంట్లో క్యాసెట్ మీద చేసిన తొలి సింగిల్‌కి ఆ స్థానం వచ్చిందంటే వినేవాళ్లు ఎంత సిద్ధంగా ఉన్నారో అర్థమవుతుంది. ఆ తర్వాత వాళ్లని బీబీసీ 'టాప్ ఆఫ్ ది పాప్స్' షోకి పిలిచారు. అక్కడ రికార్డు వెనక మోగుతుంటే వాయిస్తున్నట్టు నటించడం మామూలు. ఈ అన్నదమ్ములు మెషీన్ల వెనక నిలబడ్డారు గానీ నటన మీద పెద్దగా శ్రద్ధ పెట్టలేదు. వేసుకున్న టీషర్టుల మీద తలపన్నుకి వ్యతిరేకంగా నినాదం ఉంది. ధనవంతుడికీ కూలివాడికీ తలకి ఒకే పన్ను వేసే ఆ పద్ధతిని థాచర్ ప్రభుత్వం 1989లో స్కాట్లండ్‌లో, 1990 ఏప్రిల్ నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లో అమలు చేసింది. 1990 మార్చి 31న లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్ దగ్గర పెద్ద గొడవ జరిగింది దాని మీదే. డ్యాన్స్ సంగీతం అంటే తాగి ఊగడం తప్ప ఏముంటుంది అనే మాట ఇప్పటికీ వింటుంటాను. ఆ టీషర్టులు దానికి నా దగ్గరున్న జవాబు.

ఇక డిస్కు కొనడం సంగతి. నేను 2010లో మొదటి వినైల్ డిస్కుని ఇంటర్నెట్‌లో ఒక అమ్మకందారు దగ్గర కొన్నాను. ప్యాకింగ్ సరిగా లేక వంగిపోయి వచ్చింది. సూది ప్రతి తిరుగుడులో ఎగిరి పడేది. డబ్బు వెనక్కి తీసుకోవడానికి నెల రోజుల టెన్షన్ పడ్డాను. తర్వాత ఒక సెకండ్ హ్యాండ్ షాపులో, అక్కడి ప్లేయర్ మీద వేసి విని, 12 అంగుళాల డిస్కు కొన్నాను. ఇప్పటికీ అదే ఉంది. మీరు కొనాలనుకుంటే పాత డిస్కుని వినకుండా కొనకండి.

ఇన్నేళ్లలో గమనించినవి చెప్తాను. రికార్డింగ్ గొప్పది కాదు. మంచి స్పీకర్ల మీద వేస్తే బేస్ పలుచగా, పై శబ్దాలు కొంచెం గరుకుగా వినిపిస్తాయి. మొదట్లో నాకు ఇది లోపంలా ఉండేది. ఇప్పుడు అదే గరుకుతనం కోసం వింటాను. అంతా నున్నగా ఉంటే ఆ గంటల అంచు అరిగిపోతుంది. రేడియో కోసం కత్తిరించిన చిన్న వెర్షన్‌ని మాత్రం నేను ఎవరికీ సిఫార్సు చేయను. ఈ ట్రాక్ బలం అంతా సమయం తీసుకోవడంలో ఉంది. శబ్దాలు తిరిగి తిరిగి చెవికి అలవాటయ్యాకే మార్పు తగులుతుంది. దాన్ని మూడు నిమిషాలకి కుదిస్తే పెళ్లికి వెళ్లి భోజనం చేయకుండా వచ్చినట్టుంటుంది. 1991 నాటి తొలి ఆల్బంలో లైవ్ వెర్షన్ ఉంది. జనం ముందు వాళ్లు ఎలా సాగదీసి ఆడుకునేవారో తెలియాలంటే అది వినాలి. 2022లో '30 సంథింగ్' ఆల్బంలో వాళ్లే కొత్తగా చేసిన రూపం కూడా బాగుంది, కానీ నా చెయ్యి పాతదాని వైపే వెళ్తుంది.

మా అమ్మ 2014లో మా దగ్గరికి వచ్చింది. ఒక ఆదివారం డిస్కు వేశాను. కూర్చుని కాసేపు విని అడిగింది, "ఏరా, పాట ఎప్పుడు మొదలవుతుంది?" మొదలయిపోయిందమ్మా అన్నాను. ఇంకాసేపు వింది. బియ్యంలో రాళ్లు ఏరుతూ ఉంది, చేతి వేళ్లు బీట్‌తో పాటు కదులుతున్నాయి. అయిపోయాక, "ఇది పనిలో వినడానికి బాగుంటుంది" అంది. నేను చదివిన ఏ రివ్యూ కన్నా ఆ మాట నాకు సరిగ్గా అనిపించింది. రాత్రంతా పెట్టెలు మోసి వచ్చిన నా శరీరానికి అది అలాగే పని చేసింది. ఆలోచన అక్కర్లేదు, అలసట మాత్రం తేలికవుతుంది.

ఇప్పుడు కారు నాదే. డార్ట్‌ఫర్డ్ వైపు నుంచి వస్తే ఎం25 జంక్షన్ 5 దగ్గర లేన్ చూసుకోవాలి, లేకపోతే సెవెనోక్స్ దారిలో పడిపోతాం. ఆ బోర్డు కనపడినప్పుడల్లా, ఆ ఊరి వైపు ఇంట్లో ఎవరో క్యాసెట్ డెక్ బటన్ నొక్కిన దృశ్యం ఊహించుకుంటాను. ఒకసారి కావాలనే ఆ దారి పట్టాను. పెద్ద ఇళ్లు, చెట్లు, ప్రశాంతమైన వీధులు. అంత నిశ్శబ్దంగా ఉండే చోటి నుంచి వచ్చిందా ఈ శబ్దం అని చాలాసేపు కారు ఆపి కూర్చున్నాను.

12 అంగుళాల డిస్కు దొరికితే వెనక వైపు ఉన్న 'డీపర్' అనే ట్రాక్ కూడా వినండి. నా దగ్గరున్న డిస్కులో ఆ వైపు గీతలు తక్కువ, ఎందుకంటే ముందు వైపు వేశాక తిప్పడం నాకు గుర్తుండదు.