నీటి పరీక్ష నివేదికలో నైట్రేట్ అంకెను ఎలా చదవాలి: నెల్లూరులో నా అనుభవం

మా అమ్మాయి పురిటికి వచ్చి ఉంది. బిడ్డకు డబ్బాపాలు కలపవలసి వస్తే ఇంటి బోరు నీళ్ళు పనికివస్తాయో లేదో తెలుసుకోవాలని, నెల్లూరులోని ఒక ప్రైవేటు కేంద్రంలో పరీక్ష చేయించాను. మా వీధిలో ప్రతి ఇంటికీ పెరట్లో బోరు, దానికి కొద్ది అడుగుల దూరంలోనే సెప్టిక్ ట్యాంకు ఉన్నాయి. ఆ గుంతల నుంచి ఇంకే మురుగులోని అమ్మోనియాను నేలలోని బ్యాక్టీరియా నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్‌ను మట్టి పట్టి ఉంచలేదు కనుక, ఇసుక పాలు ఎక్కువగా ఉన్న మా నేలలో అది నీటితో పాటే అడుక్కి దిగిపోతుంది. రంగులో గాని, వాసనలో గాని తేడా కనిపించదు.

నమూనా సేకరణలో వారి శ్రద్ధ మెచ్చదగినది. మోటారును పది నిమిషాలు నడిపించి, సీసాను అదే నీటితో మూడుసార్లు తొలిచి నింపి, ఐసు పెట్టెలో తీసుకువెళ్ళారు. రుసుము ముందే చెప్పారు, నివేదిక మూడో రోజున అందింది.

చిక్కంతా ఆ నివేదికలోనే ఉంది. నైట్రేట్ 14, హద్దు 45 అని ముద్రించి, తాగడానికి యోగ్యమని తేల్చారు. కాని 14 పక్కన చిన్న అక్షరాలలో 'నైట్రోజన్‌గా' అని ఉంది, అంటే అది నైట్రేట్‌లోని నైట్రోజన్ బరువు మాత్రమే. తాగునీటికి మన దేశపు ప్రమాణమైన ఐఎస్ 10500లోని లీటరుకు 45 మిల్లీగ్రాముల హద్దు, మొత్తం నైట్రేట్‌గా లెక్కించినది. నైట్రోజన్‌గా లెక్కిస్తే అది సుమారు 10 మాత్రమే. నైట్రోజన్ అంకెను నైట్రేట్‌గా మార్చడానికి 14ను 4.43తో హెచ్చవేస్తే 62 వస్తుంది, అంటే హద్దు దాటినట్టే. ఈ హద్దుకు ఆ ప్రమాణం ఎలాంటి సడలింపూ ఇవ్వలేదు. పసిబిడ్డల రక్తం ఆక్సిజన్‌ను మోసే శక్తిని తగ్గించి, ఒంటిని నీలిరంగుకు తిప్పగల పదార్థం విషయంలో ఈ పొరపాటును చిన్నదిగా తీసుకోలేను.

వెళ్ళి చూపించగానే పొరపాటు ఒప్పుకుని, అదే రోజు సవరించిన నివేదిక ఇచ్చారు. అయితే అక్కడి ఉద్యోగి ఒకరు నీటిని కాచి చల్లార్చి వాడమన్నారు. అది తప్పు సలహా. కాచితే నీరు ఆవిరై తగ్గుతుంది గాని నైట్రేట్ పోదు, మిగిలిన నీటిలో దాని గాఢత ఇంకా పెరుగుతుంది. యూవీ దీపం ఒక్కటే ఉన్న ఫిల్టరు కూడా దాన్ని తీయలేదు. ఆర్వో పొర చాలావరకు తగ్గిస్తుంది.

నమూనా తీసే పద్ధతిని బట్టి ఈ కేంద్రానికి మళ్ళీ వెళతాను. ఈశాన్య రుతుపవనాల వానలు వెలిశాక రెండో నమూనా ఇస్తానని, అంకెను 'నైట్రేట్‌గా' లెక్కించి ముద్రించాలని ఇప్పటికే రాసి ఇచ్చాను.