కాంగ్ పప్పీ రబ్బరు బొమ్మ: బెంగళూరు ఫ్లాట్‌లో కుక్కపిల్లకు మొదటి బొమ్మగా ఎలా ఉంటుంది?

కొత్తగా ఇంటికొచ్చిన కుక్కపిల్ల చెప్పులు, సోఫా అంచు, ఛార్జర్ వైరు ఏది దొరికినా నోట్లో పెట్టుకుంటుంది. అది అల్లరి కాదు, అవసరం. కుక్కపిల్లకు 28 పాలపళ్లు ఉంటాయి. మూడో వారంలో మొలవడం మొదలై ఎనిమిది వారాలకల్లా అన్నీ వచ్చేస్తాయి. 12 నుంచి 16 వారాల మధ్య ఊడటం మొదలవుతుంది. ఆరేడు నెలలు నిండేసరికి వాటి చోట 42 గట్టిపళ్లు ఉంటాయి. ఈ నాలుగైదు నెలలూ చిగుళ్లు సలుపుతూనే ఉంటాయి కాబట్టి అది ఏదో ఒకటి నమలక తప్పదు. ఆ నమిలే వస్తువు ఏదో మనమే చూసి ఇవ్వాలి. అందుకు ముందుగా కొనదగ్గ బొమ్మ కాంగ్ కంపెనీవాళ్ల ‘పప్పీ’ రకం. దానిలో లోపాలు కూడా ఉన్నాయి, అవీ చెబుతాం.

కాంగ్ 1976లో అమెరికాలోని కొలరాడోలో మొదలైంది. దాన్ని పెట్టిన జో మార్కమ్‌ దగ్గర ఫ్రిట్జ్ అనే జర్మన్ షెపర్డ్ ఉండేది. అది రాళ్లు కొరికి పళ్లు పాడుచేసుకుంటూ, వోక్స్‌వ్యాగన్ బండి సస్పెన్షన్‌లోని ఒక రబ్బరు ముక్కను మాత్రం వదిలేది కాదు. ఈ బొమ్మ ఆకారం అక్కడి నుంచి వచ్చిందే. మూడు ఉండలు ఒకదానిపై ఒకటి పేర్చినట్టు ఉండి, లోపల బోలుగా ఉంటుంది. నేల మీద పడితే ఏ వైపు ఎగురుతుందో చెప్పలేం.

కాంగ్‌లో ఎరుపు రంగుది పెద్ద కుక్కలకు, నలుపుది బాగా గట్టిగా కొరికే వాటికి. గులాబీ, నీలం రంగుల్లో వచ్చేది పప్పీ రకం. దీని రబ్బరు మెత్తన. పాలపళ్లకు ఎరుపుది ఇస్తే పిల్ల నాలుగు నిమిషాల్లో విసుగెత్తి వదిలేస్తుంది. ఎదిగిన లాబ్రడార్‌కు గులాబీది ఇస్తే ముక్కలు ఊడొస్తాయి. రంగు నచ్చిందని మార్చి కొనొద్దు.

దీనిలో అన్నిటికంటే ముఖ్యమైన విషయం రెండు రంధ్రాలు. కింద పెద్దది, పైకొసన చిన్నది. ఒకే రంధ్రం ఉన్న బోలు బంతిలోకి కుక్క నాలుక పెడితే లోపల గాలి తగ్గి నాలుకను పీల్చి పట్టేస్తుంది. నాలుక వాచిపోయి బయటికి రాదు, నాలుక కోసేయాల్సి వచ్చిన కేసులు కూడా ఉన్నాయి. రెండో రంధ్రం గాలికి దారి ఇస్తుంది. ఇదే ఆకారంలో చవగ్గా దొరికే నకళ్లలో కొన్నిటికి పై రంధ్రం ఉండదు, లేదా అచ్చులో మూసుకుపోయి ఉంటుంది. కొనేటప్పుడు కంటి దగ్గర పెట్టుకుని ఆ చివర వెలుతురు కనబడుతోందో లేదో చూడండి. పెట్రోలు లాంటి ఘాటైన రబ్బరు వాసన వస్తే ఆ బొమ్మ వద్దు.

సైజు విషయంలో రాజీ పనికిరాదు. కంపెనీ లెక్కలో స్మాల్ సుమారు 9 కిలోల వరకు, మీడియం 7 నుంచి 16 కిలోలు, లార్జ్ 13 నుంచి 30 కిలోల కుక్కలకు. మధ్యలో పడితే పెద్ద సైజే తీసుకోవాలి. రెండు నెలల లాబ్రడార్ పిల్ల బరువు నాలుగైదు కిలోలే ఉన్నా, నెలన్నరలో స్మాల్ దాని నోట్లో పూర్తిగా పట్టేస్తుంది. గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే: ఏ బొమ్మ అయినా, ఏ బంతి అయినా కోరపళ్లు దాటి లోపలికి పోయేంత చిన్నదైతే అది గొంతులో పడే వస్తువే. పగ్, షి ట్జూ, బుల్‌డాగ్ లాంటి పొట్టి మూతి పిల్లలకు ఈ బొమ్మ లోతు అందదు. వాటికి వెడల్పు మూతి ఉన్న గిన్నె లాంటి రబ్బరు బొమ్మ గానీ, నాకి తినే సిలికోన్ మ్యాట్ గానీ మేలు.

ఖాళీ కాంగ్ ఇచ్చి ‘మా పిల్లకు నచ్చలేదు’ అనేవాళ్లు చాలామంది. అది నమలడానికి మాత్రమే కాదు, తిండి దాచడానికి. మొదటి రోజు పొడి డాగ్ ఫుడ్ గింజలు పది పదిహేను లోపల వదులుగా వేసి ఇవ్వండి. దొర్లిస్తే రాలాలి, రాలితే తినాలి. అందులో లాభం ఉందని తెలియడానికే ఆ రోజు. రెండు మూడు రోజులయ్యాక గోరువెచ్చని నీళ్లలో పావుగంట నానబెట్టిన గింజల్లో చెంచాడు పెరుగు కలిపి సగం వరకు నింపండి. అదీ సులువుగా ఖాళీ చేస్తుంటే గడ్డకట్టించే దశ. బొమ్మను సన్నకొన కిందికి పెట్టి స్టీలు గ్లాసులో నిలబెట్టండి, ఒలికిపోదు. రెండు రంధ్రాల గుండా ఒక స్ట్రా దూర్చి, దాని చుట్టూ నింపి, ఫ్రీజర్‌లో నాలుగు గంటలు ఉంచి, స్ట్రా లాగేస్తే గాలికి దారి మిగులుతుంది. చల్లదనం సలిపే చిగుళ్లకు హాయి. ఒకేసారి రాయిలా దట్టించి ఇస్తే మాత్రం పిల్ల ప్రయత్నించి, రాక, వదిలేస్తుంది. మళ్లీ దాని వైపు చూడదు.

లోపల ఏం పెట్టాలంటే మన వంటింట్లోనే బోలెడు ఉన్నాయి. పోపు, ఉప్పు, పచ్చిమిర్చి లేని పెరుగన్నం మెత్తగా పిసికినది, ఉప్పూ బెల్లం లేని చిక్కటి రాగి జావ, ఉడికించిన చిలగడదుంప, గుమ్మడికాయ, క్యారెట్, ఉడికిన గుడ్డు. పెరుగు కొన్ని పిల్లలకు పడక విరేచనాలవుతాయి కనుక మొదట ఒక్క చెంచాతో చూడండి. ఉల్లి, వెల్లుల్లి తగిలిన కూరలు, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ అసలే కూడదు. పీనట్ బటర్ పెట్టేవాళ్లు డబ్బా మీద చిన్న అక్షరాలు తప్పక చదవాలి. ‘షుగర్ ఫ్రీ’ అన్న రకాల్లో చక్కెరకు బదులు వాడే జైలిటాల్ ఉండొచ్చు, కొన్నిటి మీద అది ఐఎన్ఎస్ 967 అనే కోడ్ అంకెగానే ఉంటుంది. అది కుక్కలకు విషం. అరగంట, గంటలోనే రక్తంలో చక్కెర పడిపోతుంది, కాలేయం దెబ్బతింటుంది. బొమ్మలో పెట్టిందంతా రోజు తిండిలోంచి తీసేయాలి. అదనంగా పెడితే నెల తిరక్కుండా పిల్ల లావెక్కుతుంది.

ఇక లోపాలు. ధర మొదటిది. సందు చివర షాపులో వేలాడదీసిన రబ్బరు ఎముకతో పోలిస్తే దీనికి చాలా రెట్లు ఎక్కువ పెట్టాలి. రెండోది చప్పుడు. విట్రిఫైడ్ టైల్స్ మీద తెల్లవారుజామున దొర్లించి పడేస్తే కింద ఫ్లాట్‌వాళ్లు ఫోన్ చేయడం ఖాయం. పాత దుప్పటి మడత మీద గానీ, క్రేట్ (కుక్కపిల్లను ఉంచే బోను) లోపల గానీ ఇవ్వండి. మూడోది కడగడం. పైకొసలో ఇరుక్కున్న పెరుగు పులిసి కంపు కొడుతుంది, చీమలూ బొద్దింకలూ చేరతాయి. తిన్న అరగంటలో తీసేసి, వేడినీళ్లలో నానబెట్టి, పాలసీసా బ్రష్‌తో రెండు వైపుల నుంచీ తోమి బోర్లించాలి. బోరు, ట్యాంకర్ నీళ్లు వాడే వైట్‌ఫీల్డ్, బెళ్లందూరు అపార్ట్‌మెంట్లలో లోపల తెల్లటి ఉప్పుపొర పేరుకుంటుంది, అప్పుడప్పుడు వెనిగర్ నీళ్లలో కాసేపు ఉంచితే పోతుంది. నాలుగోది, మెత్తటి రబ్బరు కావడంతో గట్టిపళ్లు వచ్చేసరికి దీని పని అయిపోతుంది. తొమ్మిది నెలల వయసు దాని చివరి గడువు. అంతకుముందే అంచు చిరిగినా, చిన్న ముక్క కనబడకపోయినా ఆ రోజే పారేయాలి.

ఇంత ధర ఎందుకు పెట్టాలో అర్థం కావాలంటే పక్కన దొరికే మిగతా బొమ్మలు ఎలా చెడిపోతాయో చూడాలి. తాడు బొమ్మ చూడటానికి భద్రంగా ఉంటుంది. నమిలేకొద్దీ పోగులు ఊడి కడుపులోకి పోతాయి. పొడుగాటి పోగు ఒక కొస పొట్టలో చిక్కుకుని, మిగతాది పేగులోకి పోతే పేగు ఆ దారం మీద లంగా బొందులా కుచ్చులు పడిపోతుంది, కోసుకుపోతుంది. ఆపరేషన్ తప్ప మార్గం లేదు. కాబట్టి తాడు మీ చేతిలో ఒక కొస ఉన్నప్పుడే, లాగుడు ఆటకే. ఆ ఆటలో కూడా పిల్ల మెడను పైకీ కిందికీ గుంజొద్దు, నెమ్మదిగా పక్కలకు మాత్రమే. పళ్లు ఊడే రోజుల్లో అదీ వద్దు.

కీచుమనే దూది బొమ్మను చాలా పిల్లలు పది నిమిషాల్లో చీల్చేసి లోపలి ప్లాస్టిక్ పీకను మింగేస్తాయి. కావాలంటే దగ్గరుండి ఆడించి, లోపల పెట్టేయండి. టెన్నిస్ బంతి మీది నూగు ఇసుక పట్టి పళ్లను గరుకు కాగితంలా అరగదీస్తుంది. మెరిసే లైట్ల బంతుల్లో బటన్ బ్యాటరీ ఉంటుంది, మింగితే అన్నవాహిక కాలిపోతుంది. అలాంటివి ఇంట్లోకే రానివ్వద్దు. పచ్చితోలు ఎముకలు నానితే ఉబ్బి జిగురవుతాయి, ముక్కగా మింగితే గొంతులోనో పేగులోనో అడ్డం పడతాయి. ఇక గట్టితనం సంగతి: జింక కొమ్ము, డెక్క, ఉడికిన ఎముక, గట్టి నైలాన్, యాక్ పాలతో చేసే చుర్పీ, ఇవి పళ్లను విరుస్తాయి. బొటనవేలి గోరుతో నొక్కితే కాస్త గుంట పడాలి. మోకాలి చిప్ప మీద కొట్టుకుంటే నొప్పి పుట్టే వస్తువు కుక్కపిల్ల పంటికీ దెబ్బే.

ఇంట్లో చిన్నపిల్లలుంటే బెంగళూరు దగ్గరి చన్నపట్న చెక్క బొమ్మలు ఉండే అవకాశం ఎక్కువ. మన ఏటికొప్పాక బొమ్మల్లాగే అవీ మెత్తటి అంకుడు కర్రతో చేసి లక్క పూసినవి. పసిపిల్లలకు బాగుంటాయి గానీ, కుక్క కొరికితే పేళ్లు లేచి చిగుళ్లలో, అంగిట్లో గుచ్చుకుంటాయి. షెల్ఫ్ పైవరుసకు మార్చండి. పిల్లల బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేశారు. కుక్కల బొమ్మలకు ఆ ఉత్తర్వు వర్తించదు. అందుకే ప్యాకెట్ మీద ‘నాన్ టాక్సిక్’ అని రాసి ఉన్నా అది అమ్మేవాళ్ల మాటే, తనిఖీ మనదే. పాత సాక్సు, తెగిన చెప్పు ఆడుకోవడానికి ఇస్తే పాత చెప్పుకీ కొత్త చెప్పుకీ తేడా దానికి తెలియదు, పైగా సాక్సు మింగితే పేగులో అడ్డమే. మే, జూన్‌లలో మామిడి టెంకలు, మొక్కజొన్న కండెలు చెత్తబుట్టలో మూత కింద ఉండాలి.

హెడ్స్ అప్ ఫర్ టెయిల్స్ లాంటి షాపుల్లోనూ, సూపర్‌టెయిల్స్ లాంటి ఆన్‌లైన్ షాపుల్లోనూ కాంగ్ దొరుకుతుంది. షాపుకు వెళ్లేట్టయితే పిల్లను వెంట తీసుకెళ్లకండి. మూతలేని బుట్టల్లో పోసి ఉన్న బొమ్మల్ని ఎన్ని కుక్కలు నాకాయో తెలియదు. కుక్కల పేగులను దెబ్బతీసే పార్వో వైరస్ వస్తువుల మీద నెలల తరబడి బతికి ఉంటుంది, 16 వారాల వరకు సాగే టీకాలు పూర్తి కాని పిల్లకు అది ప్రాణాంతకం. సీల్ ఉన్న ప్యాకెట్‌లోదే తీసుకోండి. విడిగా ఉన్నదైతే సబ్బుతో బాగా కడిగి, ఒక పాలు ఇంటి బ్లీచ్‌కు 30 పాళ్ల నీళ్లు కలిపిన ద్రావణంలో 10 నిమిషాలు ఉంచి, మంచినీళ్లతో రెండు మూడుసార్లు జాడించి ఆరబెట్టండి. తెలిసినవాళ్లు ప్రేమగా ఇచ్చిన పాత తాడు, గుడ్డ బొమ్మలకు బ్లీచ్ లోపలిదాకా పట్టదు, తీసుకోకపోవడమే నయం. కబ్బన్ పార్కు డాగ్ పార్కుకు టీకాలన్నీ అయ్యాకే. అక్కడికి కూడా మీ కాంగ్ తీసుకెళ్లొద్దు, తిండి ఉన్న బొమ్మ కోసం కుక్కలు కొట్లాడుకుంటాయి.

ఇంట్లో నున్నటి టైల్స్ మీద బంతి విసిరి పరుగెత్తించడం ఎదిగే ఎముకలకు మంచిది కాదు, కాళ్లు జారి కీళ్లు తిరగబడతాయి. బొమ్మలు నాలుగు చాలు. రెండు బయట, రెండు బీరువాలో పెట్టి రెండు మూడు రోజులకోసారి మార్చండి, ప్రతిసారీ కొత్తదాన్లానే ఆడుతుంది. తిండి పెట్టిన కాంగ్ మాత్రం మీరు చూస్తుండగానే. దాని నోట్లోంచి లాక్కోకండి. ఇంకో రుచికరమైన ముక్క చూపించి మార్పిడి చేస్తే, పెద్దయ్యాక గుర్రుమనడం అలవాటు కాదు.

ముక్క మింగిందని అనుమానం ఉండి వాంతులు, తిండి మానేయడం, పొట్ట పట్టుకుంటే మూలగడం, దొడ్డికి ముక్కడం కనిపిస్తే తెల్లారేదాకా ఆగకండి. నోట్లోంచో, వెనకనుంచో దారం వేలాడుతుంటే ఎట్టి పరిస్థితుల్లోనూ లాగొద్దు, లోపల పేగు తెగుతుంది. ఉప్పునీళ్లు తాగించి కక్కించడమూ ప్రమాదమే. చిరిగిన బొమ్మలో మిగిలిన భాగాన్ని కవర్లో వేసుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. రబ్బరు, గుడ్డ ఎక్స్‌రేలో సరిగ్గా కనబడవు. మిగిలిన ముక్క చూస్తే ఎంత పోయిందో, స్కానింగ్‌లో దేనికోసం వెతకాలో డాక్టరుకు తెలుస్తుంది.