మూడు చక్రాల యాక్టివాకు ముందు టైరు: కడప, రాయచోటి రోడ్డులోని ఒక దుకాణం

నాది 2018 యాక్టివా 5జీ. వెనక రెండు పక్కలా సైడ్ వీల్స్ బిగించిన బండి. లెక్కపెడితే చక్రాలు నాలుగు, అయినా అందరి నోటా అది మూడు చక్రాల బండే. ఆర్సీలో దాని రకం ‘ఇన్వాలిడ్ క్యారేజ్’, అంటే వికలాంగులు నడిపే బండి. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు ఆ మాట తీసేసి ‘అడాప్టెడ్ వెహికల్’ అని పెట్టారు. నా కార్డు పాతది కాబట్టి నేనింకా పాత మాటలోనే తిరుగుతున్నాను. తిరగడం కూడా కొంచెం కాదు. బీమా పాలసీలు చేయించడం నా పని. చెన్నూరు, ఖాజీపేట, ఒంటిమిట్ట, ఇటు గువ్వలచెరువు దాకా.

కిందటి సారి ముందు టైరు ఊళ్ళో మరో చోట మార్పించుకున్నాను. ఆ దుకాణం పేరు ఎందుకులెండి. ‘యాక్టివా టైరే కదా’ అని పావుగంటలో ముగించారు. మరునాడు స్పీడోమీటర్ ముల్లు సున్నా మీద పడుకుంది, ఇక లేవలేదు. వాన పడితే బ్రేకు నొక్కినప్పుడు ముందు చక్రం జారేది. ఏడాదిన్నర తిరగకుండానే టైరు నడిమధ్య గుండు అయిపోయింది, ఎడమ అంచు రంపం పళ్ళలా తేలింది. నేనే బండి సరిగా నడపడం లేదేమో అనుకున్నాను.

ఈ జూన్‌లో ఒక పాలసీదారు చెప్పగా రాయచోటి రోడ్డులోని ఈ దుకాణానికి వెళ్ళాను. బోర్డు మీద పేరు ఎండకు వెలిసిపోయి ‘టైర్స్’ అన్న మాట ఒక్కటే మిగిలింది. ముందు వేపచెట్టు ఉంటుంది, అదే గుర్తు. యజమాని యాభై దాటిన మనిషి, అందరికీ భాయ్. నేను బండి దిగకముందే అరిగిన టైరు మీద అరచెయ్యి పెట్టి ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి నిమిరాడు.

“అక్కా, ఈ బండి వంగదు కదా?” అన్నాడు.

ఆ ఒక్క ప్రశ్నకే నాకు నమ్మకం కుదిరింది. మామూలు స్కూటరు మలుపులో పక్కకు వాలుతుంది. అందుకే దాని టైరును గుండ్రంగా చేస్తారు, వాలినప్పుడు అంచులు కూడా నేలను పట్టుకుంటాయి. సైడ్ వీల్స్ ఉన్న బండి వాలదు. తిన్నగా పోయినంతసేపూ టైరు మధ్యలోని సన్నని పట్టీ ఒక్కటే అరుగుతుంది. మలుపులో హ్యాండిల్ తిప్పితే బండి బరువంతా ముందు చక్రాన్ని అడ్డంగా నెడుతుంది, టైరు రోడ్డు మీద ఒరుసుకుంటూ తిరుగుతుంది. దానికి తోడు మన రోడ్లు నీళ్ళు పోవడానికి మధ్యలో ఎత్తుగా, అంచుల్లో పల్లంగా ఉంటాయి. బండి ఎడమకు లాగుతుంటే మనం కుడికి పట్టి నడుపుతాం. ఆ ఎడమ అంచు రంపం కథ అది. ఇంతకాలం తప్పు నాదనుకున్నాను!

పాత టైరు పక్కగోడ మీద మట్టి తుడిచి నాలుగంకెలు చూపించాడు: 1820. మొదటి రెండూ టైరు తయారైన వారం, తర్వాతి రెండూ సంవత్సరం. అంటే 2020లో పద్దెనిమిదో వారం. నేను కొన్నది 2023 చివర్లో. మూడేళ్ళు అటక మీద పడున్న సరుకును కొత్తదని అంటగట్టారన్నమాట. అది చాలదన్నట్టు, పక్కనే రెండు బాణాలు. కొన్ని స్కూటరు టైర్లు ముందుకూ వెనక్కూ ఒకటే కాబట్టి వాటి మీద ‘ఫ్రంట్’ బాణం ఒకవైపుకు, ‘రియర్’ బాణం దానికి ఎదురువైపుకు ఉంటాయట. వెనక చక్రం మీద ఇంజను తోపుడు, ముందు చక్రం మీద బ్రేకు పట్టు. రెండు బలాలూ ఎదురెదురు కాబట్టి బాణాలూ ఎదురెదురే. నా ముందు టైరును ‘రియర్’ బాణం చూసి ఎక్కించారు. ఇన్నేళ్ళలో నేను ఆ బాణాల వంక ఒక్కసారి కూడా చూడలేదు, అది వేరే సంగతి.

సైజు 90/100-10. ఆ సైజులో మూడు కంపెనీలవి తెచ్చి నా ముందు పెట్టాడు. ధర కంటే ముందు ‘53జె’ అన్నది చదివించాడు. 53 అంటే 206 కిలోల బరువు మోస్తుంది, జె అంటే గంటకు 100 కిలోమీటర్ల వేగం వరకు. నా బండి వందకు పోయేది లేదు గానీ బరువు అంకె మాత్రం నాకు ముఖ్యం. మధ్యలో గాడులు తక్కువగా, రబ్బరు వెడల్పుగా ఉన్నదాన్ని ఎంచి ఇచ్చాడు. మధ్యే అరిగే బండికి మధ్యలోనే సరుకుండాలి కదా. దాని మీద 0925 అని ఉంది.

ఇక బిగింపు. నా బండికి సెంటర్ స్టాండు లేదు, సైడ్ వీల్స్ పెట్టినప్పుడే తీసేశారు. ఫుట్‌బోర్డు కింద ఫ్రేముకు జాకీ పెట్టి, జాకీ కింద కడప బండ ముక్క వేసి లేపాడు. కుర్రవాడు చక్రం ఊడదీశాక స్పీడోమీటర్ జబ్బు కూడా దొరికింది. బ్రేకు ప్లేటులో స్పీడోమీటర్‌ను తిప్పే చిన్న గేరు ఉంటుంది. దాని పళ్ళను చక్రం నడిమి హబ్బు గాడిలో కూర్చోబెట్టకుండానే కిందటిసారి నట్టు బిగించేశారు. పళ్ళు నలిగి పిప్పి అయ్యాయి. కొత్త గేరు పడింది. రబ్బరు వాల్వు కూడా మార్చాడు. టైరు మీది పసుపు చుక్కను సరిగ్గా వాల్వు దగ్గరికి వచ్చేలా పెట్టాడు. టైరులో తేలిక వైపు అదట, వాల్వు బరువుతో సరిపోతుంది. అంచులకు సబ్బునీళ్ళు రాసి గాలి కొడితే అవి రిమ్ములో కూర్చుంటూ ‘టప్’, కాసేపటికి మళ్ళీ ‘టప్’. రిమ్ము పక్కన టైరు మీద ఒక సన్నని గీత ఉంటుంది. చక్రం తిప్పుతూ ఆ గీత అంతటా రిమ్ముకు సమాన దూరంలో ఉందో లేదో చూశాడు. ఒకచోట లోపలికి పోయింది. గాలి మొత్తం తీసేసి మళ్ళీ మొదటి నుంచి. ఇక్కడ ‘చాల్లే’ అనేవాళ్ళే ఎక్కువ.

కంపెనీ పుస్తకం ప్రకారం ముందు చక్రానికి గాలి 22 పీఎస్ఐ. ఈయన 25 పెట్టాడు. మలుపులో అడ్డంగా నెట్టినప్పుడు పక్కగోడ మడత పడకుండా అన్నాడు. “నాలుగు రోజులు నడిపి రా అక్కా, గుంతల్లో ఎగురుతోందంటే తగ్గిద్దాం” అన్నాడు. ఎగరలేదు.

టైరు 1,450, వాల్వు 40, గేరు 110, కూలి 200. మొత్తం 1,800 రూపాయలు. కూలి మిగతా చోట్ల వంద. రెండో వంద ఆ గీత కోసం అనుకుని ఇచ్చాను.

మరుసటి వారం గువ్వలచెరువు ఘాట్ ఎక్కాను. మునుపు ఎడమ మలుపుల్లో హ్యాండిల్ చేతుల్లో గొణిగేది, ఇప్పుడు నిశ్శబ్దం. ముల్లు ముప్పై మీద నిలబడి ఉంటే చూడటానికే ముచ్చటేసింది. దిగేటప్పుడు సన్నగా వాన పట్టింది. బ్రేకు రెండుసార్లు గట్టిగానే వేశాను, చక్రం జారలేదు. గువ్వలచెరువులో కొన్న పాలకోవా పొట్లం కూడా సీటు మీద నుంచి కదల్లేదు.

లోపాలూ చెప్పాలి. అరగంట అన్నది గంటన్నర పట్టింది. మధ్యాహ్నం దాటితే చెట్టు నీడ అటువైపు పోతుంది, మనం ఎండలో. శుక్రవారం నమాజు వేళ మూసి మూడింటికి తీస్తారు, అది తెలియక ఒకసారి ఊరికే వెళ్ళొచ్చాను. అడిగితే గానీ బిల్లు రాయరు. అన్నిటికంటే ఆ దుకాణం మెట్టు మోకాలెత్తు. చేతులున్న కుర్చీ ఒకటి బండి పక్కకే తెచ్చి వేశారు, ఎవరూ నన్ను పట్టుకుని ఎత్తబోలేదు, అది బాగుంది. కానీ లోపల గోడకు వేలాడుతున్న టైర్లను నా కళ్ళతో నేను చూసుకోలేకపోయాను.

అయిదుకు నాలుగు. ఆ మెట్టు పక్కన వాలుగా ఒక బండ వేయిస్తే మిగిలిన ఒకటీ ఇచ్చేస్తాను. కడపలో బండకు కరువా?