చెవి ఓర్వలేనివారికి ఆర్కెస్ట్రా: హాలా, హెడ్‌ఫోన్లా, గదిలో స్పీకరా?

కుక్కర్ విజిల్‌కు, స్టీలు పళ్లెం కింద పడిన చప్పుడుకు చెవులు మూసుకునేవారికి పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం వినమని చెప్పేటప్పుడు చాలామంది ‘మెల్లగా, హాయిగా ఉంటుంది’ అంటారు. అది సగమే నిజం. మామూలు శబ్దాలు కూడా భరించలేనంత బిగ్గరగా, ఒక్కోసారి నొప్పిగా తోచే స్థితిని వైద్యులు హైపరక్యూసిస్ అంటారు. నమలడం, గుటకలు వేయడం వంటి ఫలానా చప్పుళ్లకు మాత్రమే చిరాకు, కోపం ముంచుకొచ్చే మిసోఫోనియా వేరు, అందులో శబ్దం ఎంత పెద్దదన్నది అంత ముఖ్యం కాదు. ఇక్కడ చెప్పేది ప్రధానంగా మొదటి రకం వారి కోసం.

సినిమా పాటను రికార్డు చేసేటప్పుడు శబ్దాన్ని మొదటి నుంచి చివరి దాకా ఇంచుమించు ఒకే మట్టంలో ఉండేలా అదిమి పెడతారు. ఆర్కెస్ట్రా రికార్డింగుల్లో సాధారణంగా అలా చేయరు కాబట్టి, వినీ వినపడని చోటుకూ వాద్యాలన్నీ ఒక్కసారిగా మోగే చోటుకూ మధ్య తేడా చాలా ఎక్కువగా ఉంటుంది. రష్యన్ స్వరకర్త చైకోవ్‌స్కీ 1893 నాటి ఆరో సింఫనీ (ఆర్కెస్ట్రా కోసం రాసిన, పలు భాగాల పెద్ద రచన) మొదటి భాగంలో ఒకచోట సంగీతం ఎంత నెమ్మదిస్తుందంటే, ‘మెల్లగా’ అనడానికి ఒక్క ‘పి’ రాస్తే సరిపోయే చోట ఆయన ఆరు ‘పి’లు రాశాడు. ఆ వెంటనే ఆర్కెస్ట్రా అంతా విరుచుకుపడుతుంది. వినపడటం లేదని వాల్యూమ్ పెంచి కూర్చున్నవారికి గుండె గుభేలుమంటుంది.

హైదరాబాద్‌లో ఈ చిక్కు మరీ ఎక్కువ. అమీర్‌పేట వంటి చోట రోడ్డు వైపున్న ఫ్లాటులో ఫ్యాను, వీధిలో హారన్లు, పక్క స్థలంలో బోరు బండి, పెళ్లిళ్ల రోజుల్లో బరాత్ వెంట మర్ఫా డప్పులు ఉండనే ఉంటాయి. స్పీకరులో నెమ్మదైన భాగాలు ఈ రొదలో మునిగిపోవడంతో శ్రోత వాల్యూమ్ పెంచుతాడు, ఆ పెంచిన వాల్యూమే నిమిషం తరువాత చెవిలో గుచ్చుకుంటుంది. నాయిస్ క్యాన్సలింగ్ హెడ్‌ఫోన్లకు ఉన్న అసలు లాభం ఇక్కడే కనిపిస్తుంది: అవి ఫ్యాను, ఏసీ, జనరేటరు వంటి ఎడతెగని గుయ్‌మనే శబ్దాలను బాగా తగ్గిస్తాయి కనుక తక్కువ వాల్యూమ్‌లోనే మెత్తని స్వరాలు కూడా వినిపిస్తాయి. హారన్‌ను, విజిల్‌ను మాత్రం అవి అంతగా ఆపలేవు. పైగా కొందరికి ఆ సౌకర్యం ఆన్ చేయగానే చెవిలో ఒత్తిడి పెరిగినట్టు అనిపిస్తుంది, ఇంకొందరు తలపై ఆ బిగింపునే సహించలేరు. అటువంటివారు బలవంతంగా అలవాటు చేసుకోనక్కరలేదు. తెల్లవారుజామున, వీధి లేవకముందు, స్పీకరును మనిషికి కాస్త దూరంగా పెట్టుకుని వింటే హెడ్‌ఫోన్ల కన్నా సుఖంగా ఉంటుంది. నన్నడిగితే పగలు హెడ్‌ఫోన్లు, వేకువన స్పీకరు మేలు.

యాప్‌లలో ఉండే వాల్యూమ్ నార్మలైజేషన్‌ను నమ్ముకోకూడదు. అది ఒక ట్రాక్‌కూ మరో ట్రాక్‌కూ మధ్య తేడాను సరిచేస్తుందే తప్ప ఒకే సింఫనీలోని ఎత్తుపల్లాలను సాధారణంగా సరిచేయదు. టీవీలలో, సౌండ్‌బార్‌లలో ఉండే నైట్ మోడ్ ఆ పని చేస్తుంది. అలా వింటే సంగీతం చచ్చిపోతుందని రసికులు అభ్యంతరం చెప్పవచ్చు. అసలు వినలేకపోవడం కన్నా అది నయమే.

హాలులో వాల్యూమ్ మన చేతిలో ఉండదు, చప్పట్లు కూడా ఉన్నట్టుండి పడతాయి. రవీంద్రభారతి అయినా, మాదాపూర్‌లోని శిల్పకళా వేదిక అయినా, వాద్యాలకు మైకులు పెడుతున్నారా అన్నది నిర్వాహకులను ముందే అడగాలి. పెడుతుంటే స్పీకరు పెట్టెలకు దూరంగా, వెనుక వరుసలో, నడవా పక్క సీటు తీసుకోవాలి. ఫోమ్ ఇయర్‌ప్లగ్‌లు పై స్వరాలను ఎక్కువగా మింగేసి సంగీతాన్ని మొద్దుబారుస్తాయి. సంగీతకారుల కోసం చేసినవి అన్ని స్వరాలనూ ఇంచుమించు సమానంగా తగ్గిస్తాయి. అయితే నిశ్శబ్దంగా ఉన్న ఇంట్లో కూడా రోజంతా ప్లగ్‌లు పెట్టుకు తిరిగితే చెవి మరింత సున్నితం కావచ్చు గనుక ఆ అలవాటు వద్దు.

అయితే ఎక్కడ వింటున్నామన్న దాని కన్నా ఏ రచన వింటున్నామన్నదే ఎక్కువ తేడా తెస్తుంది. తీగ వాద్యాలే కదా, నెమ్మదిగా సాగేదే కదా అని అమెరికన్ స్వరకర్త శామ్యూల్ బార్బర్ రాసిన అడాజియోను (నెమ్మది నడక రచనను) ఎంచుకుంటే, అది మెల్లగా పైకెక్కి వయోలిన్ల అతి తారస్థాయిలో చెవిని కోసేలా శిఖరానికి చేరుతుంది. ఫ్రెంచ్ స్వరకర్త రావెల్ రాసిన బొలేరో చివరికి చాలా బిగ్గరగా మారుతుంది, కానీ పావుగంట పాటు మెట్టు మెట్టుగా పెరుగుతుంది కనుక ఉలికిపాటు ఉండదు. భరించలేమనిపించిన చోట ఆపేయవచ్చు. ఆస్ట్రియా స్వరకర్త హైడెన్ 94వ సింఫనీ రెండో భాగం ఇందుకు పూర్తిగా భిన్నం: చిన్నపిల్లల పాటలాంటి వరుస మెత్తగా సాగుతుండగా పదహారో బార్‌లో (స్వరలిపిలో తాళపు చిన్న విభాగాన్ని బార్ అంటారు) టింపనీ అనే పెద్ద డ్రమ్ముతో కలిసి ఆర్కెస్ట్రా అంతా ఒక్క దెబ్బ వేస్తుంది.

కొత్తగా మొదలుపెట్టేవారికి నా ఓటు జర్మన్ స్వరకర్త బాఖ్ 1721లో అంకితమిచ్చిన ఆరు బ్రాండెన్‌బర్గ్ కాన్సర్టోలలో (వాద్య బృందం కోసం రాసిన రచనలలో) ఆరోదానికి. అందులో వయోలిన్లే లేవు. వయోలిన్ కన్నా కింది స్వరాల తీగ వాద్యాలైన వయోలాలు, గాంబాలు, చెలో కింది, మధ్య స్థాయిల్లోనే మాట్లాడుకుంటాయి, డ్రమ్ములూ లేవు. హార్ప్సికార్డ్ (పియానోకు ముందు కాలపు, తీగలను మీటే మెట్ల వాద్యం) టకటకలు కొందరికి గుచ్చుకోవచ్చు, అది వెనుకగా వినిపించే రికార్డింగును వెతుక్కోవాలి. రెండో కాన్సర్టోను మాత్రం, పేరు అదే కదా అని, వెంటనే పెట్టుకోకండి. అందులో ట్రంపెట్ ఆకాశంలోనే ఉంటుంది.

పెద్ద సింఫనీల మీద మనసున్నవారు ఇంట్లో మరొకరిచేత ముందు వినిపించి, ఏ నిమిషం ఏ సెకనులో శబ్దం ఎగసిపడుతుందో కాగితం మీద రాయించుకోవచ్చు. అలా ముందే తెలిసినప్పుడు హైడెన్ దెబ్బను చిరునవ్వుతో వినగలిగేవారూ ఉంటారు, ఆ పది సెకన్ల పాటు వాల్యూమ్ తగ్గించుకునేవారూ ఉంటారు.