చింతపిక్కల మేనర్: ఐదు బ్యాచ్‌లు ఆడించాక

మేనర్ అంటే మధ్యయుగపు యూరప్‌లో ప్రభువు చేతిలో ఉండే ఊరు, దాని పొలాలు. క్లాసులో ఆ మేనర్ ఆట ఎలా ఆడించాలో చరిత్ర టీచర్లకు తెలుసు. ఒకరు ప్రభువు, ఒకరు చర్చి ఫాదర్, ఒకరు మరపట్టేవాడు, మిగతావాళ్లు సెర్ఫులు, అంటే ప్రభువుకు కట్టుబడి వెట్టి చేసే రైతులు, పాచిక చెప్పినంత పంట. అదంతా మళ్లీ రాయను. పదకొండో తరగతి 'మూడు వర్గాలు' పాఠం కోసం 2018 నుంచి, కోవిడ్ రెండేళ్లు వదిలేస్తే, ఐదు బ్యాచ్‌లతో ఈ ఆట ఆడించాను. ఇందులో నాకు ప్రాణం లాంటిది ఒక్కటే: చెక్కలు చెక్కలుగా చెదిరి ఉండే పొలం.

వరండాలో సుద్దముక్కతో మూడు పొలాలు గీస్తాను. ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌షైర్‌లో ఉన్న లాక్స్‌టన్ అనే ఊళ్లో ఈ పాత పద్ధతి సేద్యం ఇప్పటికీ నడుస్తోంది కాబట్టి అక్కడి పేర్లే పెట్టాను: సౌత్ ఫీల్డ్, మిల్ ఫీల్డ్, వెస్ట్ ఫీల్డ్. ఎనిమిది కుటుంబాలు, కుటుంబానికి ముగ్గురు. ఒక్కో కుటుంబానికి ప్రతి పొలంలో రెండేసి చొప్పున ఆరు చెక్కలు. ఏటా ఒక పొలంలో గోధుమ, ఒకదాంట్లో బార్లీ, మూడోది బీడు. ధాన్యానికి బదులు చింతపిక్కలు. ఒక పిక్క చల్లితే మూడో నాలుగో వస్తాయి. అందులోనే ఒకటి మళ్లీ విత్తనానికి దాచుకోవాలి, పదోవంతు చర్చికి పోవాలి, తినడానికీ ఉండాలి. దీనికి తోడు ప్రభువు సొంత పొలంలో వారానికి రెండు మూడు రోజులు వెట్టి.

మొదటి రెండు బ్యాచ్‌లకు చెక్కలు మార్చుకోవడానికి వీల్లేదని రాసి ఇచ్చాను. 2022లో ఆ వాక్యం రాయడం మర్చిపోయాను. ముగ్గురు మగపిల్లల కుటుంబం ఒకటి, ఊరంతా తిరగడం ఎందుకని, పక్కవాళ్లతో బేరమాడి ఆరు చెక్కలూ వెస్ట్ ఫీల్డ్‌లోకే తెచ్చుకుంది. మొదటి ఏడు గోధుమ, రెండో ఏడు బార్లీ. అందరూ నాలుగు చెక్కలు విత్తితే వీళ్లు ఆరు విత్తారు. పిక్కల కుప్ప పెరిగింది. ఒక జత ఎద్దులు కొన్నారు, ప్రభువుకు డబ్బు కట్టి వెట్టి తప్పించుకున్నారు. నేను కూడా తెలివైనవాళ్లని మెచ్చుకున్నాను.

మూడో ఏడు వెస్ట్ ఫీల్డ్ బీడు వంతు వచ్చింది. వాళ్లకు విత్తడానికి జానెడు నేల లేదు.

"మా భూమి మేం దున్నుకుంటాం" అంటూ ఒకడు సుద్దగీతల మధ్యకు వెళ్లి నిలబడ్డాడు. ఊరంతా లేచింది. ఆ బీట్లో అందరి పశువులూ మేయాలి, పేడ పడకపోతే వచ్చే ఏడు గోధుమ ఎక్కడిది అని ఒకమ్మాయి నిలదీసింది. రైతులు తమలోంచి ఎన్నుకున్న రీవ్, అంటే ఊరి పనులు చూసే పెద్ద, కూడా ఆడపిల్లే. "ఆ నేలకు ఎనిమిది ఎద్దుల నాగలి కావాలి, మీకున్నవి రెండే. మిగతా ఆరు ఎవరిస్తారు?" అని ఆమె నెమ్మదిగా అడిగింది. అప్పుడు వాడు గీత దాటి బయటికొచ్చాడు.

ఆ తగాదా తేల్చడానికి పెట్టిన మేనర్ కోర్టు రెండు పీరియడ్లు నడిచింది. వెనక బెంచీలో కూర్చునే ఒకబ్బాయి, "మా తాతకు చెరువు కింద ఒక మడి, మెట్ట మీద ఒక చెలక ఉన్నాయి సార్. రెండూ అమ్మి ఒక్కచోట కొందామని నాన్న అంటే ఒప్పుకోలేదు" అన్నాడు. నేనేమీ వివరించాల్సిన పని లేకపోయింది. చివరికి ఆ కుటుంబానికి తలా రెండు పిక్కలు అప్పిచ్చారు. ఎవరి చెక్కలూ ఒకే పొలంలో ఉండకూడదని తీర్మానం రాసుకున్నారు. లాక్స్‌టన్‌లో ఇప్పటికీ కోర్ట్ లీట్ అనే గ్రామ న్యాయస్థానం ఉందని, దాని జ్యూరీ ఏటా పొలాలు తిరిగి, హద్దు దాటి దున్నినవాళ్లకు జరిమానా వేస్తుందని మర్నాడు చెబితే పిల్లలు చాలాసేపు మాట్లాడలేదు.

ఆ ఊపులో, ఈ ఆట ఎవరైనా ఆడించవచ్చని తోటి టీచర్లందరికీ చెప్పాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను. 2023లో వాళ్ల తీర్మానాన్నే ముందుగా నియమంగా పెట్టాను. ఆట సాఫీగా సాగింది కానీ ఎవరూ నోరు విప్పలేదు. 2024లో నియమం తీసేస్తే ఒక్కరూ చెక్కలు మార్చుకోలేదు. అంటే నేనింత పొగిడిన ఘట్టం ఐదుసార్లలో ఒక్కసారే జరిగింది. ఇంకొకటి, సెర్ఫు బతుకులోని భారం ఈ ఆటలో దొరకదు. బెల్ కొట్టగానే ఆకలి తీరిపోతుంది.

1348 ప్లేగులో ఎవరు చనిపోతారో తేల్చడానికి చీటీలు తీయించే భాగాన్ని పూర్తిగా మానేశాను. 2022లోనే ఒకమ్మాయి తన చీటీ విప్పి చూసుకుని, మడిచి పిడికిట్లో పెట్టుకుని కూర్చుండిపోయింది. వాళ్లింట్లో అంతకుముందు ఏడు కోవిడ్‌తో ఒకరు పోయారని నాకు తర్వాత తెలిసింది. ఆ పాఠం ఇప్పుడు నోటితోనే చెబుతున్నాను.

నాకు 28 మంది పిల్లలు, పెద్ద వరండా, వరసగా రెండు పీరియడ్లు ఉన్నాయి. 50 మంది ఉన్న సెక్షన్‌లోనో, సిలబస్ టెన్షన్‌తో ఉన్న పన్నెండో తరగతిలోనో నేనైతే దీన్ని మొదలుపెట్టను. నాలాంటి వెసులుబాటు ఉంటే మాత్రం కనీసం మూడు పంటల ఏళ్లు ఆడించండి, రెండేళ్లకే ఆపితే బీడు వంతు మూడు పొలాలకూ రాదు. వచ్చే బ్యాచ్‌కి పిక్కలు కడిగి ఎండబెట్టాను. చెక్కల మార్పిడి గురించి ఈసారీ కాగితంలో ఏమీ రాయలేదు.