రాతిగోడల ఇంట్లో ఏడాది దాటిన ట్యాబ్: వైఫై వరకు నా అనుభవం

పది అంగుళాల తెర, లోహపు వీపు, సిమ్ పెట్టుకునే వీలు లేని వైఫై రకం ట్యాబ్ మా ఇంటికి వచ్చి ఏడాది దాటింది. తెర, స్పీకర్లు, బ్యాటరీ ఆ ధరకు బాగానే ఉన్నాయి కాబట్టి వాటి గురించి ఇక్కడ రాయబోవడం లేదు. ఇంట్లో ఫోన్లన్నీ వైఫై మీద చక్కగా పనిచేస్తున్న చోటే ఈ ట్యాబ్ మాత్రం తొలి వారం నుంచే చతికిలబడుతూ వచ్చింది. ఆ బలహీనతలో ట్యాబ్ వాటా ఎంత, రౌటర్ వాటా ఎంత, ఇంటి వాటా ఎంత అని విడదీసి చూడడమే ఈ సమీక్ష ఉద్దేశం.

మాది కడప పాత ఊర్లోని మట్టిమిద్దె. గోడలు మూరెడు మందాన రాతితో కట్టినవి. ఫైబర్ కనెక్షన్ పెట్టె, అంటే రౌటర్, పడసాలలో ఉంది, వంటిల్లు రెండు గోడల అవతల ఉంది. మధ్యాహ్నం వంటింటి గడప దగ్గర కూర్చుని ప్రవచనాలు వినే మా జేజి, ‘తిరుగుతానే ఉండాది నాయనా’ అని పిలవని రోజు ఉండేది కాదు. ఎండాకాలంలో ఇంటిని చల్లగా ఉంచే ఆ గోడలే వైఫైని అడ్డుకుంటాయి. 2.4 గిగాహెర్ట్జ్ సంకేతం కన్నా 5 గిగాహెర్ట్జ్ సంకేతం గోడల్లో ఎక్కువగా నష్టపోతుంది. మొదటిది నెమ్మదైనా దూరం పోతుంది, రెండోది వేగం ఎక్కువైనా గది దాటగానే డీలా పడుతుంది.

తెరమీద కనిపించే గీతలను నమ్ముకుంటే ఏదీ తేలదు, ఎందుకంటే ఎన్ని డీబీఎంలకు (సంకేత బలాన్ని చెప్పే కొలత, సున్నాకు దగ్గరయ్యే కొద్దీ బలం ఎక్కువ) ఎన్ని గీతలు చూపాలనేది ఒక్కో కంపెనీ ఒక్కో రకంగా పెట్టుకుంటుంది. ఉచితంగా దొరికే వైఫై అనలైజర్ యాప్ వేసుకుంటే అసలు అంకె కనిపిస్తుంది. మైనస్ 50 దగ్గర ఉంటే సంకేతం దిట్టంగా ఉన్నట్టు, మైనస్ 67 వరకు వీడియో ఇబ్బంది లేకుండా నడుస్తుంది, మైనస్ 80కి చేరితే ఇక ఆశ వదులుకోవలసిందే. వంటింటి గడప మీద ఫోన్‌ను, ట్యాబ్‌ను పక్కపక్కన పెట్టి, రెండింటినీ 5 గిగాహెర్ట్జ్‌కే కలిపి చూస్తే ఫోన్ మైనస్ 66 చూపించింది, ట్యాబ్ మైనస్ 74 చూపించింది. ఎనిమిది డెసిబెళ్ల తేడా అంటే ట్యాబ్‌కు అందుతున్న శక్తి ఫోన్‌కు అందే దానిలో సుమారు ఆరో వంతు. అయితే ఈ అంకెను కొలిచే చిప్ ఒక్కో పరికరంలో ఒక్కోలా ఉంటుంది కాబట్టి దీన్నొక్కదాన్నే ప్రమాణంగా తీసుకోకుండా స్పీడ్ టెస్ట్ కూడా చేయాలి. అందులో తేడా ఇంకా ఎక్కువగా కనిపించింది.

అసలు కారణం రౌటర్ పక్కనే కూర్చుని చూసినప్పుడు బయటపడింది. సెట్టింగుల్లో మనం కలిసి ఉన్న నెట్‌వర్క్ పేరు నొక్కితే లింక్ స్పీడ్ (పరికరానికీ రౌటర్‌కూ మధ్య వేగం, ఎంబీపీఎస్‌లలో) అని ఒక అంకె వస్తుంది. 5 గిగాహెర్ట్జ్ మీద మా ఫోన్ 866 చూపిస్తుంటే, ట్యాబ్ ఎంత దగ్గరకు తెచ్చినా 433 దాటలేదు. వైఫై 5 రకం పరికరాల్లో, 80 మెగాహెర్ట్జ్ ఛానల్ వెడల్పు మీద, 433 అనేది ఒకే స్ట్రీమ్‌కు, అంటే ఒక్క యాంటెన్నా మోసే ప్రవాహానికి, గరిష్ఠ వేగం. అంటే ఈ ట్యాబ్ ఒక్క యాంటెన్నాతోనే నెట్టుకొస్తోంది. డబ్బా మీద ‘డ్యూయల్ బ్యాండ్’ (2.4, 5 రెండూ అందుకునేది) అని పెద్ద అక్షరాలతో అచ్చువేశారు గానీ యాంటెన్నాలు ఎన్నో ఎక్కడా రాయలేదు. రెండు బ్యాండ్లు ఉండడం వేరు, రెండు యాంటెన్నాలు ఉండడం వేరు. కొనేవాళ్లలో చాలామందికి ఈ తేడా తెలియదని కంపెనీలకు బాగా తెలుసు.

ఆ ఒక్క యాంటెన్నా ఎక్కడుందో చేత్తోనే కనుక్కోవచ్చు. లోహపు వీపులోంచి సంకేతం పోదు కాబట్టి అంచున ఎక్కడో ఒక సన్నని ప్లాస్టిక్ పట్టీ వదులుతారు. మా దాంట్లో అది కెమెరా వైపు అంచున ఉంది. ట్యాబ్‌ను అడ్డంగా పట్టుకుంటే ఎడమ అరచేయి సరిగ్గా ఆ పట్టీ మీదనే పడుతుంది. అప్పుడు అనలైజర్‌లో గీత చూస్తుండగానే కిందికి జారుతుంది, చేయి తీస్తే మళ్లీ లేస్తుంది. తిప్పి పట్టుకుంటే ఆ పట్టీ కుడిచేతి వైపుకు పోతుంది, అక్కడ అంచును వేళ్లతో పట్టుకుంటాం కాబట్టి నష్టం తక్కువ. దుకాణంలో అంటగట్టిన అయస్కాంతపు కవరులో సన్నని ఇనుప రేకు ఉంటుంది, దాన్ని వెనక్కి మడిచి నిలబెట్టినా ఇదే తంతు. మామూలు సిలికాన్ కవరు వేశాక ఆ బాధ తప్పింది.

రౌటర్ వైపు కూడా చేయవలసినవి కొన్ని ఉన్నాయి. కనెక్షన్ ఇచ్చినవారు పెట్టెను గోడ గూట్లో, కడప బండ అరమీద, స్టీలు డబ్బాల వెనక పెట్టి వెళ్లారు. దాన్ని తలుపు పైనున్న అటక అంచుకు మార్చడమే అన్నింటికన్నా ఎక్కువ మేలు చేసింది. రెండు బ్యాండ్లకూ ఒకే పేరు ఉంటే ట్యాబ్ బలహీనమైన 5 గిగాహెర్ట్జ్‌నే పట్టుకుని వేలాడేది, అందుకే పేర్లు విడదీశాను. 2.4లో ఒకదానిపై ఒకటి పడని ఛానళ్లు (సంకేతం నడిచే దారులు) 1, 6, 11 మాత్రమే; మా వీధిలో అందరి పెట్టెలూ 6 మీదనే ఉన్నాయి కాబట్టి 11కు మార్చి, వెడల్పును 20 మెగాహెర్ట్జ్ వద్ద ఉంచాను. ఖాళీగా ఉంది కదా అని 13 ఎంచుకోవచ్చు గానీ, అమెరికాలో కొని తెచ్చుకున్న పరికరాల్లో కొన్నింటికి ఆ ఛానల్ అసలు కనబడదు. బ్లూటూత్ కూడా 2.4లోనే పనిచేస్తుంది కాబట్టి ఇయర్‌ఫోన్ పెట్టుకుని వినేటప్పుడు శబ్దం తెగితే, గోడ అడ్డం లేనంతవరకు 5కు మారడం మంచిది.

సంకేతం నిండుగా ఉండి ‘ఇంటర్నెట్ లేదు’ అని వస్తే అది వేరే జబ్బు, దానికి యాంటెన్నాతో సంబంధం లేదు. తేదీ, సమయం సరిగా ఉన్నాయో లేదో చూడాలి, సెట్టింగుల్లో ప్రైవేట్ డీఎన్ఎస్ (సైట్ల పేర్లకు చిరునామాలు వెతికిపెట్టే సేవ) ఆపి చూడాలి. రౌటర్లో మ్యాక్ ఫిల్టర్ (పరికరం చిరునామాను బట్టి లోపలికి రానిచ్చే జాబితా) పెట్టుకున్నవారు, ఆండ్రాయిడ్ 10 నుంచి పరికరాలు అసలుది కాకుండా ఒక్కో నెట్‌వర్క్‌కు ఒక్కో వేరే చిరునామా చూపిస్తాయని గుర్తుంచుకోవాలి. నెట్‌వర్క్ సెట్టింగులను రీసెట్ చేస్తే వైఫై పాస్‌వర్డులు, బ్లూటూత్ జతలు పోతాయే తప్ప ఫొటోలు పోవు.

సర్వీసు కేంద్రం గురించి చెప్పుకోవాలంటే, వారికి తెలిసిన మందు ఫ్యాక్టరీ రీసెట్ ఒక్కటే. అక్కడ రౌటర్ నాలుగడుగుల దూరంలో ఉంటుంది కాబట్టి ట్యాబ్ భేషుగ్గా పనిచేస్తుంది, ‘సమస్య లేదు’ అని కాగితం రాసిస్తారు. ఫోన్, ట్యాబ్ రెండింటి అంకెలూ ఒకేచోట తీసిన స్క్రీన్‌షాట్లు చూపించిన తరువాతే వారు మాట మార్చి, ఈ మోడల్ అన్నీ ఇంతేనని ఒప్పుకున్నారు.

చివరికి వంటింటి సంగతి తీగతోనే తేలింది. గోడలో ప్లగ్గుకు పెట్టే ఎక్స్‌టెండర్ ఒకటి తెచ్చి చూశాను. అదే రేడియోతో వినడం, అదే రేడియోతో చెప్పడం కాబట్టి వేగం దాదాపు సగం పోయింది. దాన్ని తిరిగి ఇచ్చేసి, పాత రౌటర్‌ను యాక్సెస్ పాయింట్‌గా (తీగలో వచ్చే నెట్‌ను వైఫైగా పంచే పెట్టెగా) మార్చి, దానిలో పరికరాలకు చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ ఆపి, మిద్దె మీదుగా తీగ లాగి గవాచిలోంచి (మిద్దెకు వెలుతురు కోసం వదిలే కన్నంలోంచి) వంటింట్లోకి దించాను. రాతిగోడకు బెజ్జం పెట్టే పని లేకుండా పోయింది. అయితే ఇంట్లో వాడే మామూలు ల్యాన్ తీగ కడప ఎండకు తొందరగా పెళుసుబారి పగులుతుంది, ఆరుబయట వాడే నల్ల తొడుగు తీగనే తీసుకోవాలి. ఇప్పుడు గడప దగ్గర ట్యాబ్ మైనస్ 50 పరిసరాల్లో ఉంటోంది, సంకేతం కోసం వెతుక్కునే పని తగ్గి ఛార్జింగ్ కూడా మునుపటికన్నా ఎక్కువసేపు వస్తోంది.

మా కడపలోనే మారుతీనగర్ వైపు సన్నని ఇటుక గోడల ఇళ్లలో, రెండు గదుల లోపల వాడుకునేవారికి ఈ ట్యాబ్ ఆ ధరకు సరిపోతుంది. పాత రాతి ఇళ్లవారికి మాత్రం నేను సిఫారసు చేయను. ఏ ట్యాబ్ కొన్నా, తిరిగి ఇచ్చే గడువు దాటకముందే రౌటర్ పక్కన కూర్చుని లింక్ స్పీడ్ ఒకసారి చూసుకుంటే, ఉంచుకోవాలో ఇచ్చేయాలో అక్కడే తేలిపోతుంది.