9271 చిప్పు ఉన్న వైఫై అడాప్టర్: డెబియన్ వాడేవారికి నా సిఫారసు

పెట్టె మీద తయారీదారు పేరు లేదు. ‘150 ఎంబీపీఎస్’ అని మాత్రం పెద్ద అక్షరాల్లో ఉంది. లోపల నల్లటి యూఎస్‌బీ ముక్క, మర తిప్పి బిగించుకునే యాంటెన్నా, ఒక సీడీ. విజయవాడ గవర్నర్‌పేటలో కంప్యూటర్ విడిభాగాలు అమ్మే ఒక కొట్టులో 850 రూపాయలకు కొన్నాను. సత్యనారాయణపురంలో మా డీటీపీ గదిలో డెబియన్ (లినక్స్‌లో ఒక రకం) నడిచే ల్యాప్‌టాప్‌కు అప్పటి నుంచీ ఇంటర్నెట్ దీని మీదే నడుస్తోంది. లినక్స్‌లో వైఫైతో అవస్థ పడుతున్నవారు వేగం సంగతి తర్వాత చూసుకుని, ముందు ఇలాంటిది ఒకటి కొనిపెట్టుకోవాలని గట్టిగా చెబుతాను.

మాది పుస్తకాలకు పేజీలు కట్టే పని. ప్రూఫులు లిబ్రేఆఫీస్‌లో, పేజీలు స్క్రైబస్‌లో, సాయంత్రానికల్లా పీడీఎఫ్ ప్రెస్సుకు చేరాలి. ల్యాప్‌టాప్‌తో పాటు వచ్చిన వైఫై కార్డును నడిపే డ్రైవర్ లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌లో లేదు. విడిగా దించుకుని మన కంప్యూటర్‌లోనే కంపైల్ చేసుకోవాలి, అంటే సోర్సు నుంచి నడిచే రూపానికి మార్చుకోవాలి. కెర్నెల్ మారినప్పుడల్లా మళ్లీ అదే పని. ఒక్కోసారి కొత్త కెర్నెల్‌తో ఆ డ్రైవర్ కుదరదు, ఆ రోజుకు వైఫై లేనట్టే. దాన్ని సరిచేసుకోవాలంటే మళ్లీ ఇంటర్నెట్ కావాలి! ఫోనును తీగతో తగిలించి దాని డేటాతో ప్యాకేజీలు దించుకోవచ్చు, నిజమే. కానీ ప్రెస్సు వాళ్లు ఫైలు కోసం ఎదురుచూస్తున్న సాయంత్రం అంత ఓపిక ఎవరికి ఉంటుంది?

కొట్టులో చిప్పు పేరు అడిగితే, “చిప్పు ఏదైతే ఏముంది మేడమ్, డ్రైవర్ సీడీ ఇస్తున్నాం కదా” అన్నాడు అక్కడి అబ్బాయి. ఆ సీడీ విండోస్‌కు పనికొస్తుంది. లినక్స్ వాళ్లకు చిప్పే ముఖ్యం. పేరూ పెట్టే మారకుండా లోపలి చిప్పు మారిపోవడం ఈ సరుకులో మామూలే. టీపీ-లింక్ డబ్ల్యూఎన్722ఎన్ సంగతే చూడండి. మొదటి వెర్షన్‌లో నేను వెతుకుతున్న ఆథెరాస్ ఏఆర్9271 చిప్పు, రెండో వెర్షన్‌లో రియల్‌టెక్ చిప్పు. మోడల్ నంబరు ఒక్కటే నమ్ముకుంటే ఏది చేతికొస్తుందో చెప్పలేం.

అందుకే ల్యాప్‌టాప్‌నే వెంట తీసుకెళ్లాను. కొట్టు బల్ల మీద పెట్టి, అడాప్టర్ గుచ్చి, గుచ్చిన యూఎస్‌బీ పరికరాల జాబితా చూపే ‘ఎల్‌ఎస్‌యూఎస్‌బీ’ ఆదేశం ఇచ్చాను. వచ్చిన వరుసల్లో ఒకదానిలో 9271 అంకెలు కనిపించాకే డబ్బు తీసి ఇచ్చాను. ఎవరూ అభ్యంతరం పెట్టలేదు. పైగా ఆ అబ్బాయి మరో రెండు రకాలు తెచ్చి, “వీటిలో ఏముందో కూడా చూడండి మేడమ్” అని పక్కనే నిలబడి నంబర్లు రాసుకున్నాడు. ఇలా తెలుసుకోవాలనుకునే పిల్లలు ఉన్న కొట్టుకు మళ్లీ వెళ్లాలనిపిస్తుంది.

ఈ అడాప్టర్ తన ఫర్మ్‌వేర్‌ను, అంటే చిప్పు లోపల నడిచే ప్రోగ్రామును, తనలో దాచుకోదు. గుచ్చిన ప్రతిసారీ కెర్నెల్‌లోని ‘ఏటీహెచ్9కే-హెచ్‌టీసీ’ డ్రైవర్ ఒక చిన్న ఫైలును దానిలోకి పంపుతుంది. కెర్నెల్ లాగ్ తెరిచి చూస్తే ఆ ఫైలు పేరు, దాని పక్కన పరిమాణం 51,008 అని కనిపిస్తాయి. అన్నీ కలిపి యాభై కిలోబైట్లు. ఆ వరుస కనిపించకపోతే పాస్‌వర్డ్ ఎన్నిసార్లు మార్చి కొట్టినా ఉపయోగం ఉండదు. డ్రైవర్ 2010 నుంచీ కెర్నెల్‌లోనే ఉంది. ఫర్మ్‌వేర్ సోర్సును కూడా 2013లో బయటపెట్టారు. అందువల్లే డెబియన్ ఈ ఫర్మ్‌వేర్‌ను స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు మాత్రమే చోటున్న తన ప్రధాన విభాగంలోనే ఉంచుకోగలిగింది. చాలా వైఫై కార్డుల ఫర్మ్‌వేర్‌కు ఆ అవకాశం లేదు. 2023లో డెబియన్ 12 వచ్చేదాకా అవి అధికారిక ఇన్‌స్టాలర్‌లో ఉండేవే కావు. సోర్సు అందరి చేతుల్లో ఉన్న పరికరాన్ని కంపెనీ వదిలేసినా వాడుకునేవాళ్లు బతికించుకోగలరు. చిన్న పని చేసుకునే మాలాంటివాళ్లకు ఇంతకంటే భరోసా ఏం కావాలి?

కలుపుకోవడం తేలికే. డెస్క్‌టాప్ ఉంటే మూలన గుర్తు నొక్కి పాస్‌వర్డ్ ఇస్తే సరి. టెర్మినల్ అలవాటున్నవారికి అదే పని చేసే ‘ఎన్ఎంసీఎల్ఐ’ ఆదేశం ఉంది. యూఎస్‌బీ అడాప్టర్ పేరు డెబియన్‌లో ‘డబ్ల్యూలాన్0’ అని రాదు, ‘డబ్ల్యూఎల్ఎక్స్’ తర్వాత పన్నెండు అక్షరాల మ్యాక్ చిరునామాతో (ప్రతి అడాప్టర్‌కూ ఉండే గుర్తింపు సంఖ్య) పొడవుగా వస్తుంది. కంగారు పడనక్కర్లేదు. నెట్‌వర్కులు ఒక్కటీ కనిపించకపోతే ఏ వైర్‌లెస్ పరికరం ఆపి ఉందో చెప్పే ‘ఆర్‌ఎఫ్‌కిల్’ జాబితా చూడండి, వైఫై మీట ఆపి ఉండవచ్చు.

ఒక చిక్కు మాత్రం విడమరిచి చెప్పాలి. కరెంటు పోయి వచ్చాక ఒకసారి కింది అంతస్తులోని మా రౌటర్ ఫోనుల్లో కనిపిస్తోంది, ల్యాప్‌టాప్‌లో లేదు. చూస్తే రౌటర్ తనంతట తాను 13వ ఛానల్‌కు మారింది. మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్‌లో 13 ఛానళ్లు వాడుకోవచ్చు, అమెరికాలో 11 వరకే వాడతారు. ఏ దేశపు నియమం పాటించాలో ఆథెరాస్ అడాప్టర్ల లోపలే రాసి ఉంటుంది, లినక్స్ దాన్ని దాటదు. మా దానిలో అమెరికా నియమం ఉంది. లినక్స్‌లో దేశాన్ని భారత్‌గా మార్చినా పై ఛానళ్లు తెరుచుకోలేదు. రౌటర్ సెట్టింగుల్లో ఆటో తీసేసి 11 అని ఖాయం చేశాం, ఆ బాధ తీరింది. 1, 6, 11 ఒకదాని మీద ఒకటి పడవు కాబట్టి వాటిలో చుట్టుపక్కల ఇళ్లవారు తక్కువగా వాడేది ఎంచుకోండి.

యూఎస్‌బీ 3 హార్డ్‌డిస్క్ పక్కనే దీన్ని గుచ్చకండి. యూఎస్‌బీ 3 నుంచి వెలువడే రేడియో రొద సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే పడుతుందని ఇంటెల్ 2012లోనే ప్రకటించింది. మా దగ్గర బ్యాకప్ నడిచేటప్పుడు సిగ్నల్ పడిపోయేది. ఒక మీటరు ఎక్స్‌టెన్షన్ తీగతో అడాప్టర్‌ను కిటికీ దగ్గరికి జరిపాక మళ్లీ అలా జరగలేదు.

వేగం తక్కువే. పెట్టె మీది 150ని నమ్మవద్దు. రెండు అంతస్తుల పైన మాకు అందేది 30, 40 మధ్య ఉంటుంది. పీడీఎఫ్‌లు పంపడానికి అది చాలు. పెద్ద వీడియోలు అటూ ఇటూ కాపీ చేసేవారికి చాలదు. 5 గిగాహెర్ట్జ్ దీనికి అసలు అందదు, రౌటర్‌లో 2.4 ఆపేసుకున్నవారు కొనకండి.

యాంటెన్నా కీలు నాసిరకం, కొన్నాళ్లకే వదులై వాలిపోయింది. విడిగా దొరుకుతుంది కానీ ‘ఆర్‌పీ-ఎస్ఎంఏ’ అని స్పష్టంగా అడగండి. ఉత్త ‘ఎస్ఎంఏ’ యాంటెన్నాకు మర అలాగే ఉన్నా లోపలి సూది ఉండే వైపు వేరు. దాన్ని బలవంతంగా బిగిస్తే అడాప్టర్‌లోని సూది వంగిపోతుంది.